మిలాక్స్ సరస్సు ఒడ్డున కుటుంబంతో క్యాంపింగ్: పడవ లేకుండా వాలై చేప దొరుకుతుందా?

కాలవగట్టు (ఈడెన్ ప్రెయిరీ, మిన్నెసోటా) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. జూన్ మూడో వారంలో మూడు రాత్రుల కోసం మిలాక్స్ సరస్సు ఆగ్నేయపు ఒడ్డున, ఐల్ అనే ఊరి పక్కనున్న ఫాదర్ హెన్నెపిన్ స్టేట్ పార్కులో టెంటు వేసుకునే స్థలం తీసుకున్నాము. నేను, నా భార్య, 11 ఏళ్ల అబ్బాయి, 6 ఏళ్ల అమ్మాయి, వీరితో పాటు భీమవరం నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన మా అమ్మానాన్నలు వెళ్తున్నాము.

ఈ ప్రయాణానికి అసలు కారణం నాన్నగారు. ఆయనకు చిన్నప్పటి నుంచి కాలవ గట్టున గాలం వేసే అలవాటు ఉంది. వెదురు కర్రకు తాడు కట్టి, నెమలి ఈక కాడను బెండుగా పెట్టి, వానపామును గుచ్చి గంటల తరబడి కూర్చునేవారు. ఇక్కడికి వచ్చిన తరువాత ఒకసారి గ్యారిసన్ మీదుగా వెళ్తున్నప్పుడు రోడ్డు పక్కన ఉన్న పెద్ద వాలై బొమ్మను చూసి, అది ఈ రాష్ట్రపు అధికారిక చేప అని తెలుసుకుని, దానిని తన చేతులతో పట్టి ఇంట్లో పులుసు పెట్టించాలని పట్టుబట్టారు.

నాకు చేపలు పట్టడం గురించి తెలిసినది చాలా తక్కువ. పడవ లేకుండా గట్టు మీద నుంచి గాని, పార్కులోని ఫిషింగ్ పీర్ (గాలం వేయడానికి నీళ్ళ మీదకు కట్టిన వంతెన) మీద నుంచి గాని వాలై పడే అవకాశం నిజంగా ఉందా? ఎర ఏది వాడాలి, ఏ వేళకు వెళ్ళాలి? విజిటర్ వీసా మీద ఉన్న నాన్నగారికి లైసెన్సు ఇస్తారా? పిల్లలకు కూడా లైసెన్సు కావాలా? మిలాక్స్‌లో ఎన్ని చేపలు ఉంచుకోవచ్చునన్నది ఏటా మారుతుందని ఒకరు, అసలు ఉంచుకోనివ్వరని మరొకరు చెప్పారు. ఆ సంగతి తెలిసినవారు వివరిస్తే రుణపడి ఉంటాను. చివరగా, ఈ చేప మన పులుసుకు పనికి వస్తుందో లేదో కూడా చెప్పండి.

ఉత్తరపు_గాలి (బ్రెయినర్డ్) సమాధానం

పడవ లేకుండా వాలై పడుతుంది, కాని మీరు వెళ్తున్న వారంలో అది అంత సులువు కాదు. ఎందుకో చెబుతాను.

వాలై విషయంలో చోటు కన్నా వేళ ముఖ్యం. దాని కంట్లో రెటీనా వెనుక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. రాత్రి పూట టార్చి వేస్తే పిల్లి కళ్ళు మెరిసినట్టు దీని కళ్ళు మెరిసేది అందుకే. ఈ సరస్సులో దానికి ముఖ్యమైన ఆహారం ఎల్లో పెర్చ్ అనే చిన్న చేప. పొద్దు వాలిన తరువాత ఆ పెర్చ్‌కు చూపు మందగిస్తుంది, వాలైకి మాత్రం ఆ మసకలోనే స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి పగలంతా లోతు నీళ్ళలోనో, రాళ్ళ నీడలోనో మందకొడిగా ఉండే ఈ చేప సూర్యాస్తమయానికి కాస్త ముందు నుంచి లోతు తక్కువ ఉన్న రాళ్ళ వైపు మేతకు వస్తుంది. జూన్ మూడో వారంలో అక్కడ సూర్యుడు అస్తమించేది రాత్రి 9 దాటాక. మధ్యాహ్నం ఎండలో మూడు గంటలు కూర్చోవడం కన్నా రాత్రి ఎనిమిదిన్నర నుంచి చీకటి పడే వరకు కూర్చోవడమే ఫలితాన్నిస్తుంది. ఉదయం అయితే ఐదున్నరకు ముందే గట్టున ఉండాలి. టెంటులో పడుకున్న పిల్లలతో అది ఎంతవరకు సాధ్యమో మీకే తెలియాలి.

రెండవది గాలి. గాలి లేక నీరు అద్దంలా ఉన్న రోజున క్యాంపింగుకు వచ్చినవారంతా ఒడ్డుకు చేరతారు, వాలై మాత్రం ఒడ్డు దగ్గరకు రాదు. గాలి మీ ముఖానికి కొడుతూ, చిన్న అలలు రాళ్ళకు తగులుతున్న వైపును ఎంచుకోండి. అలలు వెలుతురును చెదరగొడతాయి, చిన్న చేపలను ఒడ్డు వైపు నెడతాయి. ఇటువంటి అలను ఇక్కడి జాలరులు వాలై చాప్ అంటారు. గాలికి ఎదురుగా ఎర విసరడం ఇబ్బందే అయినా నేను ఎప్పుడూ ఆ వైపే కూర్చుంటాను.

ఇప్పుడు అసలు చిక్కు. వాలై వేట కాలం మే నెల మధ్యలో, మెమోరియల్ డే వారాంతానికి రెండు వారాల ముందు వచ్చే శనివారం మొదలవుతుంది. అప్పటికి చేపలు గుడ్లు పెట్టడం ముగించి ఒడ్డుకు దగ్గరలోనే తిరుగుతుంటాయి, గట్టు మీద ఉన్నవారికి అదే మంచి కాలం. జూన్ నడిమికి నీళ్ళు వేడెక్కి, వాటిలో చాలా భాగం సరస్సు మధ్యనున్న బురద మెట్టల మీదకు వెళ్ళిపోతాయి. పైగా ఆ రోజుల్లోనే అడుగు బురదలోంచి మేఫ్లై పురుగులు లక్షల సంఖ్యలో పైకి వస్తాయి. వాటిని తిని కడుపు నిండిన వాలై మన ఎరను చూసి కూడా చూడనట్టే పోతుంది. అందుచేత మీ మూడు రోజులలో ఒక సాయంత్రాన్ని లాంచ్‌కు కేటాయించమని నా సలహా. మిలాక్స్ చుట్టూ ఉన్న రిసార్టులు పెద్ద పడవలు నడుపుతాయి. టికెట్టు కొనుక్కుంటే గాలం, ఎర వాళ్ళే ఇస్తారు, నడిపేవారికి చేపలు ఏ మెట్ట మీద ఉన్నాయో ముందు రోజు నుంచే తెలిసి ఉంటుంది. పడవ అద్దెకు తీసుకుని నడపడం రాక అవస్థ పడటం కన్నా, పెద్దవారితో, పిల్లలతో వెళ్ళేవారికి ఇది ఎన్నో రెట్లు నయం.

గట్టు మీది సరంజామా విషయానికి వస్తే, ఆరున్నర అడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్, 6 పౌండ్ల లేదా 8 పౌండ్ల తాడు, స్లిప్ బాబర్ చాలు. స్లిప్ బాబర్ అంటే మీ నాన్నగారి బెండు వంటిదే, కాని తాడు మీద జారుతుంది. తాడుకు ఎక్కడ ముడి వేస్తే అక్కడ ఆగుతుంది కాబట్టి, పది అడుగుల లోతుకు కూడా ఇబ్బంది లేకుండా విసరవచ్చు. దాని కింద ఒక చిన్న గుండు, 6 నంబరు గాలపు ముల్లు కట్టి, ఎర అడుగుకు ఒక అడుగు పైన వేలాడేటట్టు ముడిని సరిచేసుకోవాలి. గుండ్లు కొనేటప్పుడు సీసంవి కాకుండా తగరంవో, టంగ్‌స్టన్‌వో అడగండి. తెగిపడిన సీసపు గుండ్లను మింగి లూన్ పక్షులు చనిపోతున్నాయి.

ఎర జలగ. కొరమీనుకు కప్పపిల్లను ఎర వేసేవారు మన దగ్గర ఉన్నట్టే, ఇక్కడ జూన్ నెల వాలైకి జలగను మించిన ఎర లేదు. ఎర దుకాణంలో డజన్ల లెక్కన అమ్ముతారు. ఇది మనుషుల రక్తం తాగే రకం కాదు, పిల్లలకు ఆ మాట ముందే చెప్పండి. వెడల్పుగా ఉన్న చివర, అది అతుక్కునే చోట, ముల్లును ఒక్కసారి గుచ్చితే నీళ్ళలో గాలిపటంలా ఈదుతూనే ఉంటుంది. బెండు మునగగానే కర్రను పైకి లాగవద్దని నాన్నగారికి చెప్పండి. ముందు తాడులోని వదులును చుట్టుకుని, బరువు చేతికి తెలిసిన తరువాత నింపాదిగా పక్కకు లాగాలి.

పడిన చేపను పట్టుకునేటప్పుడు దాని నోట్లో బొటనవేలు పెట్టకండి. బాస్ చేపను అలా పట్టుకుంటారు గాని వాలైకి కోరలు ఉంటాయి. మొప్ప మూత అంచు కూడా బ్లేడులా కోస్తుంది, వీపు మీది ముళ్ళు గుచ్చుకుంటాయి. తల వెనుక నుంచి గట్టిగా పట్టుకోవడమే మంచి పద్ధతి.

పైన్‌నీడ (గ్రాండ్ రాపిడ్స్) సమాధానం

పై మిత్రుడు చెప్పిన సాంకేతిక విషయాలన్నిటితో నేను ఏకీభవిస్తాను. కాని ఆరేళ్ల పాపను వెంటబెట్టుకుని వాలై ఒక్కదానినే లక్ష్యంగా పెట్టుకోవడం సరికాదని నా అభిప్రాయం. రాత్రి తొమ్మిదింటికి దోమల మధ్య, కదలకుండా ఉన్న బెండు వైపు చూస్తూ కూర్చోమంటే ఏ పిల్లలైనా మళ్ళీ సరస్సు పేరు ఎత్తరు.

పగటి పూట పిల్లల చేత పెర్చ్, సన్‌ఫిష్ పట్టించండి. చిన్న ముల్లు, దానికి వానపాము ముక్క, గవ్వంత బెండు ఉంటే పీర్ పక్కన, గడ్డి దరిని అవి ఎండలో కూడా పడుతూనే ఉంటాయి. సన్‌ఫిష్ అరచేతిలో పట్టేంత చేప, కాని దాని పోరాటం పిల్లలను అరిపించేటంత ఉంటుంది. వాలైను సాయంత్రానికి, పెద్దవారికి వదిలేయండి. మీ నాన్నగారు కూడా పగలు మనవరాలి గాలానికి ఎర గుచ్చుతూ ఉంటే ఆయనకూ తోచుతుంది.

మరొక మాట. మిలాక్స్ 1,32,000 ఎకరాల సరస్సు, కాని అత్యంత లోతైన చోట కూడా 42 అడుగులే. అంత వెడల్పు, అంత తక్కువ లోతు ఉన్న నీటి మీద గాలి లేస్తే అలలు చూస్తూ ఉండగానే పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. ఎవరైనా 14 అడుగుల పడవ ఇస్తామంటే, ఆకాశం ఎంత తేటగా ఉన్నా, పిల్లలను ఎక్కించుకుని ఒడ్డు వదలకండి. పదేళ్లలోపు పిల్లలు కదులుతున్న పడవలో లైఫ్ జాకెట్ తొడుక్కుని ఉండాలని ఈ రాష్ట్ర చట్టం చెబుతుంది. లైసెన్సు ఉన్న కెప్టెన్ నడిపే వాణిజ్య పడవలకు మినహాయింపు ఉంది, అయినా లాంచ్ ఎక్కినా సరే పాపకు తొడగండి. పాప కొలతకు సరిపడే జాకెట్టును ఇంటి నుంచే తీసుకువెళ్ళండి, అక్కడ దొరికేది వదులుగా ఉంటుంది.

వచ్చే ఏడాదికి వీలైతే చిప్పెవా నేషనల్ ఫారెస్టులోని విన్నిబిగోషిష్ సరస్సు వైపు రండి. ఇక్కడి జంట నగరాలైన మిన్నియాపోలిస్, సెయింట్ పాల్‌ల నుంచి నాలుగు గంటల ప్రయాణమే గాని, దానిని ఆనుకుని ఉన్న కట్‌ఫుట్ సూ వంటి చిన్న సరస్సులలో గాలి బాధ తక్కువ, అడవి లోపలే క్యాంపు స్థలాలు ఉన్నాయి.

నిబంధనలరావు (మేపుల్ గ్రోవ్) సమాధానం

లైసెన్సు ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను. 16 ఏళ్లు నిండని మీ పిల్లలకు లైసెన్సు అక్కరలేదు. రాష్ట్రంలో 60 రోజులకు పైగా స్థిర నివాసం ఉన్నవారు నివాసి లైసెన్సు కొనుక్కోవచ్చు, దానికి ప్రస్తుత చిరునామా ఉన్న మిన్నెసోటా డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి. నివాసులు స్టేట్ పార్కు భూమి మీద, గట్టున నిలబడి గాలం వేస్తే లైసెన్సు లేకపోయినా చెల్లుతుంది. కాని ఆ మినహాయింపు నివాసులకు మాత్రమే. లాంచ్ ఎక్కి సరస్సు మధ్యకు వెళ్తే మీకు, మీ భార్యకు కూడా లైసెన్సు కావాలి. మీ నాన్నగారు నివాసి కారు, కాబట్టి గట్టు మీద కూర్చున్నా ఆయనకు నివాసేతర లైసెన్సు తప్పదు. అది 24 గంటలకు, 72 గంటలకు, 7 రోజులకు కూడా దొరుకుతుంది. మీ మూడు రాత్రులకు 72 గంటలది సరిపోతుందా, 7 రోజులది తీసుకోవాలా అన్నది మొదటి గాలం వేసే గంటను బట్టి లెక్క వేసుకోండి. అమ్మగారు పక్కన కూర్చుని చూస్తే ఏదీ అక్కరలేదు.

ఎన్ని ఉంచుకోవచ్చు అన్నది మిలాక్స్‌లో ప్రత్యేకం. రాష్ట్రమంతటికీ సాధారణ పరిమితి వాలై, దానిని పోలిన సాగర్ అనే చేప రెండూ కలిపి మనిషికి ఆరు, వాటిలో 20 అంగుళాలు దాటినది ఒకటి మాత్రమే. మిలాక్స్‌కు ఆ లెక్క వర్తించదు. 1837 ఒప్పందంలో ఒజిబ్వే అనే ఇక్కడి ఆదివాసీ ప్రజలు ఈ భూములను అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నప్పుడు వేట, చేపల వేట హక్కులను తమ వద్దే ఉంచుకున్నారు. ఆ హక్కులు ఇప్పటికీ చెల్లుతాయని 1999లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటి నుంచి రాష్ట్ర సహజ వనరుల శాఖ, ఎనిమిది ఒజిబ్వే తెగల సంఘాలు కలిసి ఆ సంవత్సరం సరస్సు నుంచి ఎన్ని పౌండ్ల వాలై తీయవచ్చో నిర్ణయిస్తున్నాయి, ఆ మొత్తంలో గాలం వేసేవారి వాటాను బట్టి మన పరిమితి మారుతుంది. 2016 వేసవిలో ఒక్క వాలైను కూడా ఉంచుకోనివ్వలేదు, మీకు రెండో మాట చెప్పినవారు బహుశా ఆ సంవత్సరపు అనుభవంతో చెప్పి ఉంటారు. రాత్రి 10 తరువాత వేటను నిలిపివేసిన సంవత్సరాలు కూడా ఉన్నాయి. కాబట్టి ఇక్కడ మేము చెప్పే సంఖ్యను నమ్మకుండా, బయలుదేరే వారం శాఖ వెబ్‌సైటులో మిలాక్స్ పేజీ చూడండి. సీజను నడుమ కూడా మార్చిన సందర్భాలున్నాయి. ఒజిబ్వేలు వలలు వేస్తారు, మనకు మాత్రం ఆంక్షలా అని ఎర దుకాణాల దగ్గర గొణిగేవారు తగులుతారు. ఆ హక్కు వారికి ఎవరూ దయతో ఇచ్చినది కాదు, వారు భూమి ఇచ్చి నిలుపుకున్నది.

పట్టి వదిలేస్తే తప్పేమీ లేదు కదా అని రాత్రంతా పట్టి వదులుతూ కూర్చోవడం కూడా సరికాదు. వదిలిన వాలైలలో కొన్ని తరువాత చనిపోతాయి, నీళ్ళు వేడెక్కే కొద్దీ ఆ సంఖ్య పెరుగుతుంది. మిలాక్స్‌లో అలా చనిపోయేవాటి అంచనాను కూడా మన వాటాలోంచే తీసివేస్తారు. ముల్లు గొంతులోకి దిగితే లాగకుండా తాడు కోసి వదలడం, చేతులు తడుపుకుని పట్టుకోవడం, ఫోటో కోసం గాలిలో ఎక్కువసేపు ఉంచకపోవడం కనీస మర్యాదలు.

ఉంచుకున్న చేపను పడవ మీద గాని గట్టున గాని కోయకండి. వార్డెన్ కొలిచి చూడటానికి తల, తోక ఉండాలి. వంటకు సిద్ధమైన తరువాత క్యాంపు స్థలంలోనే కోసుకోవాలి. పేగులు, తలలు సరస్సులో పారేయడం నేరం. సంచిలో మూట కట్టి చెత్తకుండీలో వేయండి. లేకపోతే ఎలుగుబంటి గాని, రకూన్ గాని రాత్రి మీ టెంటుకు రావడం ఖాయం.

ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. మిన్నెసోటా చేపలలో పాదరసం ఉంటుంది. వాలై ఇతర చేపలను తిని బతికేది కాబట్టి పెద్దదయ్యే కొద్దీ దానిలో అది పోగుపడుతుంది. రాష్ట్ర ఆరోగ్య శాఖ సూచన ప్రకారం 15 ఏళ్లలోపు పిల్లలు, గర్భిణులు, గర్భం దాల్చే వయసులోని స్త్రీలు 20 అంగుళాల కన్నా చిన్న వాలైను నెలకు ఒక పూటకు మించి తినకూడదు, అంతకన్నా పెద్దదానిని అసలు తినకూడదు. సన్‌ఫిష్, పెర్చ్ అయితే వారానికి ఒక పూట తినవచ్చు. పైన్‌నీడ గారు వేరే కారణంతో చెప్పినా, పిల్లలకు పగటి చేపలే మేలన్నది ఈ లెక్కలోనూ నిలుస్తుంది.

కోనసీమ_వంటిల్లు (వుడ్‌బరీ) సమాధానం

పులుసు ప్రశ్న ఒక్కటే మిగిలింది. వాలై మాంసం తెల్లగా, కొవ్వు తక్కువగా, నీచు వాసన దాదాపు లేకుండా ఉంటుంది. కొరమీనులాగే నడుమ ముల్లు తీసివేస్తే చిన్న ముళ్ళ బెడద పెద్దగా ఉండదు, పైన చెప్పిన నెలకు ఒక పూట లెక్కలోనే పిల్లలకు ముళ్ళ భయం లేకుండా పెట్టవచ్చు. పొరపాటున నార్తర్న్ పైక్ పడితే మాత్రం జాగ్రత్త, దాని నిండా చీలిక ముళ్ళే.

ఇక్కడివారు వాలైను రెండు పక్కల కండ కోసి, ముల్లూ తలా పారేసి, పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. ఆ కండను పులుసులో వేస్తే ఐదు నిమిషాలలో పేలికలై పులుసులో కలిసిపోతుంది. మీకు పులుసే కావాలంటే చేపను పొలుసు గీకి, తోలు ఉంచి, ముల్లుతో సహా అడ్డంగా వేలెడు మందాన ముక్కలు కొట్టండి. తోలూ ముల్లూ ముక్కను పట్టి ఉంచుతాయి. చింతపండు గుజ్జు, ఉల్లిపాయ ముద్ద, మెంతి జీలకర్ర పొడి ఇంటి దగ్గరే సిద్ధం చేసి డబ్బాలో పెట్టుకుంటే, టెంటు దగ్గర రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్ మీద అరగంట పని. పులుసు బాగా తెర్లి, నూనె పైకి తేలిన తరువాతే ముక్కలు వేయాలి. వేసినాక గరిటె పెట్టకూడదు. గిన్నెను గుడ్డతో రెండు వైపులా పట్టుకుని మెల్లగా తిప్పాలి. ఏడెనిమిది నిమిషాలకు దించేయండి. మన చెరువు చేపకు పట్టినంత సేపు ఉంచితే వాలై పిప్పి అయిపోతుంది.

నిజం చెప్పాలంటే పట్టిన రాత్రి దానికి వేపుడే న్యాయం. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, కాస్త బియ్యప్పిండి, నిమ్మరసం పట్టించి ఇనుప పెనం మీద కాల్చండి. చెంపల దగ్గర రెండు చిన్న గుండ్రటి కండలు ఉంటాయి. పెద్ద చేప అయితే వాటిని వదలకుండా తీసి నాన్నగారికి పెట్టండి, చేప మొత్తంలో రుచి అక్కడే.

కట్టెల మీద వండాలనుకుంటే ఇంటి నుంచి కట్టెలు తీసుకువెళ్ళకండి. యాష్ అనే రకం చెట్లను తినే పురుగు కట్టెల ద్వారా వ్యాపిస్తుందని స్టేట్ పార్కులలో ఆమోదించిన కట్టెలనే అనుమతిస్తారు, పార్కు కార్యాలయంలో కొనుక్కోవచ్చు.

కాలవగట్టు మళ్ళీ అడిగినది

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. బుధవారం సాయంత్రానికి లాంచ్ టికెట్లు తీసుకున్నాను. లైఫ్ జాకెట్టు పాపకు ఇంట్లోనే తొడిగి చూస్తాను. ఇవన్నీ చదివి వినిపిస్తే నాన్నగారు మరో రెండు ప్రశ్నలు వేశారు. తాను వెదురు కర్రతోనే వేస్తానని, దానికి అభ్యంతరం ఉంటుందా అని ఒకటి. మా ఊళ్ళో రాత్రి పూట నాలుగైదు గాలాలు గట్టున కర్రలకు కట్టి వదిలి, తెల్లవారి వెళ్ళి చూసుకునేవారు. టెంటు ఎలాగూ ఒడ్డునే కాబట్టి అలా చేయవచ్చా అని రెండవది. మిగిలిపోయిన జలగలను ఏమి చేయాలో కూడా చెప్పండి.

ఉత్తరపు_గాలి సమాధానం

వెదురు కర్రకు అభ్యంతరం లేదు, ఇక్కడి పాతవారు కూడా కేన్ పోల్ అని దానితోనే వేసేవారు. అయితే కర్ర పొడవుకు మించి ఎర దూరం వెళ్ళదు కాబట్టి గట్టు పక్కన రాళ్ళు కాస్త లోతుకు దిగే చోటును చూసి కూర్చోబెట్టండి. చీకటి పడే వేళకు వాలై అంత దగ్గరకు వస్తుంది, పగలైతే పెర్చ్ తప్పకుండా పడుతుంది.

రెండవది మాత్రం కుదరదు. మంచు లేని కాలంలో మిన్నెసోటాలో మనిషికి ఒక్క గాలమే. అది కూడా మనిషి దగ్గర ఉండి చూసుకుంటున్నదై ఉండాలి. కట్టి వదిలిన గాలం ఎవరిదో తెలిస్తే జరిమానా వేస్తారు, లైసెన్సు విజిటరుదైనా నివాసిదైనా తేడా ఉండదు. నాన్నగారికి నిద్ర పట్టకపోతే, ఈ సంవత్సరం రాత్రి వేటపై నిషేధం లేకపోతే, కుర్చీ వేసుకుని తానే కూర్చోవచ్చు.

మిగిలిన జలగలను, వానపాములను నీళ్ళలో గాని నేల మీద గాని వదలకండి. ఈ అడవులలో సహజంగా వానపాములే లేవు. మనుషులు తెచ్చినవి నేల మీది ఆకుల పొరను తినేసి మొక్కలకు చేటు చేస్తున్నాయి. వాటిని చెత్తకుండీలో వేయండి. జలగలను ఇంటికి తెచ్చుకోదలిస్తే సరస్సు నీళ్ళు పూర్తిగా పారబోసి, ఇంటి నుంచి తెచ్చిన సీసా నీళ్ళు పోయాలి. మిలాక్స్‌లో 2005 నుంచి జీబ్రా మస్సెల్ అనే చిప్పలు ఉన్నాయి. కంటికి కనబడని వాటి పిల్లలు ఒక గ్లాసు నీళ్ళతో కూడా మరో సరస్సుకు చేరతాయి. ఐస్ పెట్టె అడుగున మిగిలిన నీళ్ళను కూడా పార్కులోనే పారబోసి, పెట్టెను ఆరబెట్టి కారు ఎక్కించండి.